భరణి కార్తెలో విత్తనం: పక్క ఊళ్లో నా అనుభవం

ఎండాకాలంలో, ఇంకా వాన చుక్క పడకముందే పొడి నేలలో విత్తనాలు వేయమని రైతులకు చెప్పడం నా పని. అనంతపురం జిల్లాలో పదును చూసి విత్తడం తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు. అలాంటి చోట ఈ మాట చెప్పి ఒప్పించాలంటే చాలా ఓపిక కావాలి. మాది కల్యాణదుర్గం వైపు, పూర్తిగా వర్షాధారం. పొదుపు సంఘంలో సభ్యురాలిని, చెనక్కాయ (వేరుశనగ) వేసుకునే చిన్న రైతును. ముందు సొంత చేలో చేసి చూసి, ఆ తర్వాత పక్క ఊళ్లకు వెళ్లి చెప్పేవాళ్లను ఇక్కడ ఐసీఆర్పీలు అంటారు. ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయంలో మాలాంటి వాళ్లు జిల్లా జిల్లాకూ ఉన్నారు. చాలామంది ఆడవాళ్లే.

మా నేల సంగతి ముందు చెప్పాలి. జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. ఆ వాన ఎప్పుడు పడుతుంది, ఎన్ని విడతలుగా పడుతుంది అన్నదాని మీదే మా బతుకంతా ఆధారపడి ఉంటుంది. జూన్‌లోనో జూలైలోనో ఒక పదును పడితే చెనక్కాయ వేస్తాం. సరిగ్గా ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు బెట్ట పడుతుంది. పంట సగం పోయాక ఒక్క రాత్రిలో కుండపోత కురుస్తుంది. ఎర్ర నేల మీద కప్పు ఏమీ ఉండదు కాబట్టి ఆ నీళ్లు ఇంకవు, పైమట్టిని కోసుకుంటూ వంకలో కలుస్తాయి. కాయ పీకాక మళ్లీ ముంగారు (తొలకరి వానలు) దాకా చేను బోసిగా ఎండుతూనే ఉంటుంది. ఏడాదిలో సగానికి పైగా మా భూమి మీద పచ్చని ఆకు ఉండదు.

శిక్షణలో మాకు క్లైమేట్ స్మార్ట్ సేద్యం గురించి చెప్పారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2010లో దీనికి మూడు లక్ష్యాలు పెట్టిందట: దిగుబడి, ఆదాయం పెరగాలి, మారే వాతావరణాన్ని పంట తట్టుకోవాలి, సేద్యం నుంచి గాలిలోకి వెళ్లే వేడి వాయువులు తగ్గాలి. మూడూ మంచివే. కానీ ఊళ్లో ఎవరూ మూడోదాని గురించి అడగరు. మొదటిది అడుగుతారు, రాత్రి నిద్ర పట్టనిది మాత్రం రెండోదాని గురించి. అందుకే నేను ఎక్కడికి వెళ్లినా బెట్ట నుంచే మాట మొదలుపెడతాను.

మా ప్రధాన పద్ధతి పీఎండీఎస్, అంటే ముంగారు వానలకు ముందే పొడి విత్తనం వేయడం. ఊళ్లో దాన్ని నవధాన్యాలు వేయడం అనే అంటారు. కంది, అలసంద, అనుము, పెసర, ఉలవ, సజ్జ, కొర్ర, నువ్వు, ఆముదం, జనుము, మటిక (గోరుచిక్కుడు), గోంగూర, ఇలా పదిహేను నుంచి ముప్పై రకాల దాకా కలిపి ఏప్రిల్, మే నెలల్లో చల్లుతాం. వేసవి జల్లులు రెండు పడితే చాలు, మొలక లేస్తుంది. నెలన్నర, రెండు నెలలు పెరిగాక కొంత కూరకు, కొంత మేతకు కోసుకుని, మిగతాది నేలలో కలిపో, నేల మీద పరిచో చెనక్కాయ వేసుకుంటాం. రకరకాల వేర్లు నేలను గుల్ల చేస్తాయి. ఆ వేర్ల దగ్గర సూక్ష్మజీవులు బతుకుతాయి. వాన నీళ్లు లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది.

నా చేలో చేసిన మొదటి వేసవి గురించి ఎక్కువ రాయను. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. జూన్‌లో ఒక మంచి వాన పడిన మరుసటి పొద్దున పార తీసుకుని నా చేలో తవ్వి చూశాను. తడి జానెడు లోతుకు పైనే దిగింది. గెనిమ దాటి, బోసిగా ఉన్న పక్క చేలో మామను అడిగి అక్కడా తవ్వాను. నాలుగు వేళ్ల లోతు కిందే పొడి మట్టి కనిపించింది. రెండు చేలకూ ఒకే వాన, ఒకే మట్టి, మధ్యలో గెనిమ ఒక్కటే. మామ ఆ గుంతలో చెయ్యి పెట్టి, మళ్లీ నా చేలోకి వచ్చి ఇక్కడి గుంతలో చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ అనలేదు, మరుసటి ఏడు విత్తనం అడిగాడు. అప్పటి నుంచి ఏ ఊరికి వెళ్లినా నేను వీడియో కంటే ముందు పారనే నమ్ముకున్నాను.

పక్క ఊరికి పంపినప్పుడు అక్కడ ఆ గుంతలు చూపించడానికి పచ్చని చేనే లేదు. ఏప్రిల్ నెల. పొద్దున్నే అందరూ ఉపాధి పనికి వెళ్లిపోతారు, మధ్యాహ్నం ఎండకు తలుపులు వేసుకుంటారు. గ్రామ సంఘం మీటింగ్ సాయంత్రం పెట్టుకుంటే తప్ప మనుషులు దొరకరు. ఆడవాళ్లు వచ్చారు, వెనక అరుగు మీద నలుగురైదుగురు మగవాళ్లు కూర్చున్నారు. నేను చెప్పేది చెప్పాక ఒక పెద్దాయన, "వాన లేనిదే విత్తనం ఏంది పాపా? చీమలకు మేతా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆయన్నే అడిగాను: "భరణి కురిస్తే ధరణి పండుతుందని మీ కాలంలో అనేవాళ్లు గదా పెద్దాయనా? ఆ భరణి వానకు మీరు ఏం వేసేవాళ్లు?" కొర్ర, సజ్జ, అనుము కలిపి వేసేవాళ్లమని ఆయనే చెప్పాడు. చెనక్కాయ ఒక్కటే పంటైపోయాక అదంతా పోయిందన్నాడు. నేను కొత్తగా ఏదో తెచ్చానన్న భయం అక్కడ కొంత తగ్గింది.

కానీ ఒప్పుకోవడం వేరు, చేయడం వేరు. మీటింగ్‌లో సరేనన్నవాళ్ల ఇళ్లకు వెళ్తే ఒక్కొక్కరికి ఒక్కో అడ్డం ఉంది. నా అనుభవంలో ఈ పనంతా ఆ అడ్డాలను ఒక్కొక్కటిగా తీయడమే. రైతుకు తెలియక చేయడం లేదనుకుని శిక్షణ మీద శిక్షణ పెడుతుంటారు. చాలాసార్లు తెలుసు. చేయడానికి వీలు లేదు, అంతే.

మొదటి అడ్డం విత్తనం. ఇన్ని రకాలు ఏ ఇంట్లోనూ లేవు. ఒకరి దగ్గర కంది, ఇంకొకరి దగ్గర ఉలవ, ఒక అవ్వ దగ్గర పాత మటిక విత్తనం మూట కట్టి ఉట్టిలో పెట్టి ఉంది. సంఘంలో ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి ఒకచోట పోశాం, తక్కువైనవి సంఘం డబ్బుతో కొన్నాం. రెండో అడ్డం పేడ. ఎకరాకు నాలుగు వందల కిలోల ఘన జీవామృతం అనే పేడ ఎరువు వేయాలని చెబుతాం. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు పోయాయి, కరువుల్లో ఆవులు పోయాయి, ఊళ్లో పశువులున్న ఇళ్లు కొన్నే. పేడ ఇచ్చేవాళ్లు పేడ, మిగతావాళ్లు బెల్లం, పప్పు పిండి, పని ఇచ్చేలా మాట్లాడుకున్నాం. పేడలో బెల్లం, పిండి, ఆవు మూత్రం, గెనిమ మట్టి కలిపి నీడలో ఆరబెట్టి పొడి చేయడం కష్టమైన పని కాదు. అందరూ కలిసి చేయడానికి ఒక రోజు కుదరడమే కష్టం.

విత్తనాలకు గుళిక కట్టడం మాత్రం నాకు చాలా ఇష్టమైన పని. బడి వరండాలో పట్టా పరిచి కూర్చునేవాళ్లం. విత్తనాన్ని చేటలో పోసి, బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు) చిలకరించి, మెత్తగా జల్లించిన బంకమట్టి చల్లి చేటను గుండ్రంగా తిప్పుతూ పోవాలి. మట్టి గింజను పట్టుకున్నాక మళ్లీ కొంచెం బీజామృతం, ఈసారి ఘన జీవామృతం పొడి, చివరగా బూడిద. తడి ఎక్కువైతే గింజలన్నీ ముద్దకడతాయి, తక్కువైతే మట్టి రాలిపోతుంది. పెద్ద గింజలనూ చిన్న గింజలనూ విడివిడిగా తిప్పాలి. కొర్ర గింజ మిరియమంత అయ్యేదాకా తిప్పి నీడలో ఆరబెడతాం. మేం తెచ్చిన మట్టిని ఆ మటిక విత్తనం అవ్వ వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది పట్టుకునే మట్టి కాదు, చెరువు ఒండ్రు తెండి" అంది. తెచ్చాం. ఆమె చెప్పినట్టే గుళికలు గట్టిగా వచ్చాయి. ఈ పూత ఉంటే గింజను చీమలు, పిట్టలు అంత తేలిగ్గా ఎత్తుకుపోవు. నాలుగు చినుకులు పడగానే తొందరపడి మొలిచి చావదు. మంచి వాన పడి పూత నానాకే మొలుస్తుంది. చీమలకు మేతా అని అడిగిన పెద్దాయనకు ఒక గుళిక చేతిలో పెట్టి ఇదే చెప్పాను. నోట్లో వేసుకుని కొరికి చూశాడు.

అసలు చిక్కు గొర్రెలతో వచ్చింది. దీని గురించి ఏ శిక్షణలోనూ గట్టిగా చెప్పరు, చెప్పాల్సింది మాత్రం ఇదే. మా వైపు కాయ పీకాక ఊరి చేలన్నీ మందలకు వదిలేసినట్టే. ఎవరి చేను అని ఎవరూ అడగరు. వేసవిలో మేత దొరక్క కాపరులు మైళ్లకు మైళ్లు తిరుగుతుంటారు. అలాంటి ఎండలో ఒక్క చేను పచ్చగా కనిపిస్తే మంద అటు రాక ఎటు పోతుంది? కాపరిని తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లూ మన ఊరివాళ్లే, వాళ్లూ వాన లేక కష్టపడుతున్నవాళ్లే. ఒకరిద్దరు రైతులు ఊరంతటికీ ఆదర్శంగా చేసి చూపిస్తారని పైనుంచి చెబుతుంటారు. ఈ పద్ధతిలో ఆ ఒకరిద్దరి చేలే ముందు మేతైపోతాయి. వేసేవాళ్లు పక్కపక్కనే, ఒక బయలుగా వేయాలి. అలా చేస్తేనే కాపలా కుదురుతుంది, మాట అడగడానికీ కుదురుతుంది.

గ్రామ సంఘం పెద్దలతో కలిసి కాపరులను కూర్చోబెట్టాం. ఊరికి తూర్పున వంక అవతల పక్కపక్కన ఉన్న చేలవాళ్లు మాత్రమే ఈ ఏడు వేస్తారని, అటువైపు మందను తోలొద్దని అడిగాం. ఒక కాపరి అన్న సూటిగా అడిగాడు: "మాకేం వస్తుంది అక్కా?" సబబైన ప్రశ్న. మాట్లాడి మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చాం. పైరు కోత అయ్యాక మోళ్లు ముందు వాళ్ల మందలకే. అక్కడే రాత్రిళ్లు మంద కట్టించుకుని, దానికి మామూలుగా ఇచ్చేది రైతులు ఇస్తారు. గొర్రె పెంట, మూత్రం పడిన చేను ఎలా పండుతుందో ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పేడ లేదన్న బెంగ కూడా దీంతో సగం తీరింది.

ఆ అన్నే ఇంకో మాట చెప్పాడు, అది విన్నందుకు నేను ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. మా విత్తనాల్లో జొన్న ఉందా అని అడిగాడు. ఉందన్నాను. బెట్టకు వాడిన లేత జొన్న మేస్తే గొర్రెకు నాము ఎక్కుతుంది, ప్రాణం పోతుంది, పొరపాటున ఒక మంద దూరినా ఊళ్లో గొడవలవుతాయన్నాడు. నూటికి నూరు పాళ్లు నిజం. లేత జొన్నలో, అదీ నీళ్లు లేక వడలిన దాంట్లో విషం ఉంటుంది. ఆ బయలు వరకు జొన్న తీసేసి సజ్జ పెంచాం. సజ్జకు ఆ భయం లేదు. పచ్చదనం పెంచే ఏ పథకమైనా పశువులు తిప్పేవాళ్లను ముందే కూర్చోబెట్టి అడగాలని నేను గట్టిగా అనుకుంటాను.

వానల కోసం ఎదురుచూడటం అందరికీ టెన్షనే. ఫోన్‌లో మేఘదూత్ యాప్ పెట్టుకున్నాం. మంగళ, శుక్రవారాల్లో జిల్లాకు వచ్చే వాతావరణ సలహాలను సంఘం అమ్మాయి ఒకామె గట్టిగా చదివి వినిపించేది. భరణి కార్తె చివర్లో ఒక జల్లు, రోహిణిలో ఉరుములతో ఒక వాన పడ్డాయి. మొలక అన్ని చేలల్లో ఒకేలా రాలేదు. నేల మీద ఆకులు, కంప కప్పినవాళ్ల చేలల్లో దట్టంగా వచ్చింది. కప్పనివాళ్ల చేలల్లో పలచగా, అక్కడక్కడా బోడిగా మిగిలింది. కప్పమని చెప్పడం సులువే గానీ మా దగ్గర కప్పడానికి ఏముంది? చెనక్కాయ కట్టె పశువుల మేత, దాన్ని నేల మీద పరచమంటే ఏ ఇల్లూ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. గెనిమల మీది వేపాకు, కానుగాకు, కంది కంప, మిల్లు దగ్గర దొరికిన చెనక్కాయ పొట్టు, ఇవే మాకు దిక్కు. అందుకే ఎకరమంతా కాకుండా పావు ఎకరం కప్పినా చాలని చెప్పడం మొదలుపెట్టాను. పావు ఎకరం తేడా కళ్లకు కనబడితే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

జూలైలో ఆ చేలల్లో చెనక్కాయ వేసేటప్పుడు కంది, అలసంద, ఆముదం సాళ్ల మధ్య పెట్టించాం, చేను చుట్టూ సజ్జ నాలుగు వరుసలు. సజ్జ ఎందుకని అడిగినవాళ్లకు 2000వ సంవత్సరం గుర్తు చేశాను. ఆ ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ మా జిల్లా చెనక్కాయను నాశనం చేసింది. వయ్యారిభామ మొక్కల్లో ఆ వైరస్ ఉంటుంది, ఆ పుప్పొడిని తామర పురుగులు చెనక్కాయ మీదికి మోస్తాయి. గాలికి కొట్టుకొచ్చే పురుగులను చుట్టూ ఉన్న సజ్జ కొంతవరకు ఆపుతుంది. ఆ వయ్యారిభామ పెరిగేది కూడా బీడుగా వదిలేసిన చోటే. నేలను బోసిగా వదలొద్దని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఆగస్టులో బెట్ట వచ్చింది. మధ్యాహ్నానికి రెండు వైపుల చేలూ వాడేవి. నవధాన్యాలు వేసిన చేలు సాయంత్రానికి మళ్లీ తేరుకునేవి, మిగతావి పొద్దున కూడా ఆకు ముడుచుకునే ఉండేవి. దిగుబడి రెట్టింపయిందని నేను చెప్పను. కొందరికి ఎప్పటిలాగే వచ్చింది, కొందరికి కొంచెం మెరుగు, మొలక పలచగా వచ్చిన ఒకరిద్దరికి ఏమీ తేడా లేదు. మందులకు, ఎరువులకు పెట్టే ఖర్చు మాత్రం అందరికీ తగ్గింది. చెనక్కాయ సరిగా రాని ఇంట్లో కూడా అలసందలు, కందులు, మేత వచ్చాయి. ఒక పంట పోతే అంతా పోయినట్టే అన్న పరిస్థితి నుంచి ఇంత దూరం రావడం నా దృష్టిలో పెద్ద విషయం.

నా పైవాళ్లలో కొందరికి నచ్చని మాట ఒకటుంది, అయినా రాస్తున్నాను. ఒక రైతు నవధాన్యాలు వేస్తానంటాడు, చెనక్కాయకు ఒక బస్తా డీఏపీ మాత్రం మానలేనంటాడు. ప్రకృతి వ్యవసాయంలో రసాయన ఎరువు కూడదు కాబట్టి మన లెక్కలో చేరడని అతన్ని పక్కన పెట్టడం తప్పు. నేను వేసుకోనిస్తాను. నేల కప్పి ఉంచడం ముఖ్యం. మట్టిలో తేడా చూశాక ఎరువు తగ్గించే ధైర్యం అతనికే వస్తుంది. వచ్చినవాళ్లను చూశాను. ఇంకోటి, టార్గెట్ల గోల. ఒక వేసవిలో ఫలానా తేదీకల్లా ఇన్ని పేర్లు యాప్‌లో ఎక్కాలని ఒత్తిడి వచ్చింది. విత్తనమే చేరని ఇళ్ల పేర్లు ఎక్కించమన్నారు. నేను ఎక్కించలేదు. పేరు ఎక్కాక ఆ ఇంటికి మళ్లీ ఎవరూ వెళ్లరని నా భయం.

మరుసటి వేసవికి వంకకు ఇవతల బయలులోని వాళ్లూ అడిగారు. కాపరులతో ఒప్పందం మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే మేసే చోటు ఇంకా తగ్గుతుంది. రెండు బయళ్లలో వేర్వేరు వారాల్లో విత్తి, ఒకటి కోతకొచ్చేసరికి ఇంకోటి ఎదుగుతుండేలా చేసుకున్నాం.

ఇప్పటికీ తేలనిది కౌలు రైతుల సంగతి. 2019 చట్టం కింద వాళ్లకిచ్చే సాగు హక్కు కార్డు పదకొండు నెలలకే. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషిని మట్టి బాగు చేయమని ఏ మొహం పెట్టుకుని అడగను? "నేను గుల్ల చేస్తే, ఆయన కౌలు పెంచుతాడు అక్కా" అని ఒక తమ్ముడు అన్నాడు. అలా జరగడం నేను చూశాను కూడా. గ్రామ సంఘం ద్వారా భూమి ఉన్నవాళ్లతో మాట్లాడుతున్నాం. మూడేళ్లు అదే కౌలుకు, అదే రైతుకు ఇస్తామని ఇద్దరు ఒప్పుకున్నారు, సంఘం పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. మిగతావాళ్లు చూద్దామంటున్నారు. సంక్రాంతి దాటగానే విత్తనాలు పోగుచేయడం మొదలవుతుంది, ఈలోపు ఇంకో ఇద్దరు ముగ్గురినైనా ఒప్పించాలి.